రంగు పడని చోటు

స్కానింగ్ విభాగంలో ఆమెను అందరూ వాగుడుకాయ అనేవాళ్ళు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదని ఆయాలు ఎదురుగానే అనేవాళ్ళు, ఆమె కూడా నవ్వుతూ ఒప్పుకునేది. పొద్దున తలుపు తీసి, మిషన్ ఆన్ చేసి, జెల్ సీసాను వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టి, బల్లమీద కొత్త కాగితం పరిచేలోపే ఆ రోజు కబుర్లు మొదలయ్యేవి. మిషనైనా వేడెక్కి కాసేపు ఆగేదేమో గానీ ఆమె నోరు ఆగేది కాదు.

ఆ వాగుడు ఊరికే వచ్చింది కాదు. ఆ గదిలో దీపాలు తగ్గించి ఉంటాయి. బల్లమీద పడుకున్న ఆడమనిషికి తెర సరిగా కనిపించదు, కనిపించినా ఆ బూడిదరంగు మచ్చల్లో ఏముందో అంతుపట్టదు. అందుకని తెరను వదిలేసి, తెరను చూస్తున్న మనిషి ముఖాన్ని చూస్తుంది. ఆ కనుబొమ్మ కాస్త ముడిపడితే చాలు, పడుకున్నావిడకు పై ప్రాణాలు పైనే పోతాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో వాగుడుకాయ ఒకసారి మాట మధ్యలో ఆగిపోయింది. బల్లమీదావిడ లేచి కూర్చుని, "అయిపోయింది కదమ్మా నా పని" అంది. ఆ తర్వాత ఆమె ఇంకెప్పుడూ ఆగలేదు. మంచి గడ్డ కనిపించినా పాడు గడ్డ కనిపించినా అదే కథ, అదే గొంతు. ఎక్కువగా మొగుడి కథే. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఎంత ఎత్తు భవనమైనా మెట్లెక్కే పోతాడు. "లోపల ఏ బోల్టు ఎలా బిగించాడో ఆయనకే తెలుసు కదండీ, అందుకే లిఫ్టెక్కడు" అని ఆమె అనగానే వాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వకండి, బొమ్మ కదిలిపోతుంది అని మళ్ళీ తనే కసిరేది.

నోరు ఎంత జోరో చెయ్యి అంత నెమ్మది. ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామందికి ఎలాస్టోగ్రఫీ చేయాల్సి వచ్చేది. పేరు చూసి భయపడనక్కర్లేదు, గడ్డ మెత్తనిదా గట్టిదా అని మిషన్ చేత తడిమించడమే. మామూలు స్కాన్‌లో గడ్డ ఆకారం తెలుస్తుంది గానీ కొన్ని గడ్డలు ఎటూ తేలవు. అప్పుడు మిషన్ ఆ చోట మనిషికి తెలియనంత చిన్న వణుకు ఒకటి పుట్టిస్తుంది. మెత్తటి చోట ఆ వణుకు నింపాదిగా సాగుతుంది, గట్టి చోట పరిగెడుతుంది. ఆ వేగాన్ని బట్టి తెరమీద రంగు పడుతుంది. వాళ్ళ మిషన్‌లో మెత్తదనానికి నీలం, గట్టిదనానికి ఎరుపు. మెత్తనివి చాలావరకు ఏ హానీ చేయవు, గట్టివాటిని అనుమానించాలి. కిటుకంతా చేతిలోనే ఉంది. ఒంటిమీద ఆనించే ప్రోబ్‌ను ఏమాత్రం నొక్కినా మంచి కండ కూడా గట్టిపడినట్టు చూపించి కొంప ముంచుతుంది. "ప్రోబ్ బరువు కూడా వాళ్ళమీద పడకూడదు, జెల్ మీద తేలాలి" అని కొత్తగా చేరినవాళ్ళకు ఆమె చెప్పేది.

ఇంకో సంగతి కూడా చెప్పేది. ఒక్కోసారి గడ్డ నడిమధ్య రంగే పడదు, నల్లగా గుంటలా ఉండిపోతుంది. దానికి రెండు కారణాలు. లోపల ఉన్నది వట్టి నీరైతే వణుకు అందులో సాగదు. లేదంటే ఆ గడ్డ ఎంత గట్టిదంటే వణుకు లోపలికి దూరనే లేదు. మొదటిది పట్టించుకోనక్కర్లేనిది, రెండోది అన్నిటికన్నా చెడ్డది. తేడా తెలియాలంటే అంచు చూడాలి. గుంట చుట్టూ ఎర్రటి అంచు ఉంటే అది నీరు కాదు. రంగు ఎక్కడ పడాలో తెరమీద ఒక చదరం గీసి మిషన్‌కు చెప్పాలి, దాన్ని ఎటు జరిపితే అక్కడే రంగు పడుతుంది. "అందుకే చదరాన్ని పెద్దగా గీయండి, గడ్డ చుట్టూ చోటు వదలండి. అంచు కోసేశారంటే అబద్ధం ఆడినట్టే" అనేది. తీసిన బొమ్మల్లోంచి ఏరి దాచినవి పైగదిలో ఉండే పెద్ద డాక్టరమ్మకు వెళ్ళేవి. వాటిని చదివి రిపోర్టు రాసేది ఆవిడే. కింద బల్లమీద ఏం జరిగిందో ఆవిడకు తెలిసేది ఆ బొమ్మల వల్లే.

వాగుడుకాయకు ఒక అక్క ఉంది. అక్క అనాలో అమ్మ అనాలో ఆమెకే తెలియదు. తల్లి రొమ్ములో గడ్డతో పోయేనాటికి ఈమె తన జడ తను వేసుకోలేని పిల్ల. అప్పుడే మీసాలొచ్చిన మగపిల్లలతో సమానంగా అక్క పనికి పోవాల్సి వచ్చింది. డాక్టర్లు తల్లి గడ్డలో సూది పెట్టి ముక్క తీసి పరీక్షకు పంపారు, ఆ తర్వాత ఆవిడ ఎన్నాళ్ళో లేదు. అక్క మనసులో ఆ రెండూ పీటముడి పడిపోయాయి. సూది గుచ్చాకే అది కదిలిందని, గుచ్చకపోతే ఓ మూల అలాగే పడి ఉండేదని ఆమె నమ్మకం. స్కానింగ్ చదువు చదివిన చెల్లెలు అది తప్పని చెవిలో ఇల్లు కట్టుకుని పోరినా లాభం లేకపోయింది. "నీకేం తెలుసే, అప్పటికి నీకు ముక్కు చీదుకోవడం కూడా రాదు" అని కొట్టిపారేసేది.

అక్క బడి బస్సు నడుపుతుంది. వెనక ఎవడు కిటికీలోంచి తల బయట పెట్టాడో అద్దంలో చూడకుండానే చెప్పగలదు. ఆమె గొంతు లేస్తే పిల్లలేం ఖర్మ, పక్కన పోయే లారీవాళ్ళు కూడా సర్దుకునేవాళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "రోజూ బస్సెడు పిల్లల్ని వాళ్ళ వాళ్ళ ఇళ్ళ దగ్గర దింపేసి హాయిగా వస్తున్నా, ఇంతకన్నా ఏం కావాలి" అనేది.

ఒక సెలవురోజు వాగుడుకాయ బస్సుల షెడ్డుకు వెళ్ళింది. అక్క బకెట్ పక్కన పెట్టుకుని బస్సు అద్దం కడుగుతోంది. ఎడమచేత్తో కడుగుతోంది.

"ఏంటక్కా, కుడిచెయ్యి ఎవరికైనా అద్దెకిచ్చావా" అంది చెల్లెలు.

"ఏ చేత్తో తుడిస్తే ఏంటి, అద్దానికి తెలుస్తుందా."

ఇంకో రెండుసార్లు ఎడమచేత్తోనే తుడిచింది. తర్వాత అక్క గుడ్డను బకెట్‌లో పడేసి, చెల్లెలి చెయ్యి పట్టుకుని చొక్కామీద తన చంక దగ్గర, రొమ్ము పక్కన పెట్టుకుంది. "ఇక్కడ చూడు" అంది. వాగుడుకాయ వేళ్ళ కింద గడ్డ తగిలింది. పక్కకు జరిపితే జరగలేదు.

"ఎన్నాళ్ళయింది?"

"చాలా రోజులైందిలే."

"నాకు చెప్పడానికి ఏం రోగం నీకు?"

"అది రోగమో కాదో తెలియకుండా ఏం చెప్పను" అంది అక్క. తర్వాత గొంతు తగ్గించింది. "నువ్వు చూస్తానంటే వస్తా. ఇంకెవరూ ముట్టుకోకూడదు. సూది మాట ఎత్తకూడదు. మెత్తగా ఉంటే ఊరికే వదిలేస్తారని నువ్వే చెప్పావుగా."

"గట్టిగా ఉంటే?"

"ఉండదు."

ఆ ఒక్క మాటమీద అక్క గట్టిగా నిలబడింది. ఇంకేం చెప్పినా ససేమిరా అంది.

సొంతవాళ్ళకు స్కాన్ చేయకూడదని విభాగంలో కట్టడి ఉంది. అది ఎందుకుందో వాగుడుకాయకు బాగా తెలుసు. అయినా తోటి టెక్నీషియన్‌తో గది మార్చుకుని అక్కను తన బల్లమీదే పడుకోబెట్టింది. లేకపోతే మొండిఘటం లేచి వెళ్ళిపోతుంది. చూడకుండా వదిలేసేకన్నా ఎవరో ఒకరు చూడటం నయం కదా అనుకుంది. అంతవరకూ ఆమె అనుకున్నది సబబే.

మొగుడి కథ మొదలుపెట్టింది. అక్కకు ఆ కథ కంఠతా వచ్చు, అయినా నవ్వింది. బూడిదరంగు బొమ్మలో గడ్డ కనిపించింది. ఒక పక్కనుంచి చూస్తే అంచు నున్నగా ఉంది, ఇంకో పక్కనుంచి చూస్తే గరుకుగా, పట్టుకుని లాగుతున్నట్టుగా ఉంది. ఎటూ తేలని గడ్డే. "ఊపిరి బిగపట్టక్కా, కదలకు" అని రంగు మీట నొక్కింది.

చుట్టూ నీలం పడింది. గడ్డ నడిమధ్య రంగు లేదు. ఆ నల్లటి గుంట చుట్టూ మందంగా, ఎక్కడా తెగకుండా ఎర్రటి అంచు ఉంది.

చెయ్యి నొక్కుకుపోయిందేమో అనుకుని ఆమె ప్రోబ్‌ను పైకి తేల్చింది. మళ్ళీ తీసింది. ఎరుపు పోలేదు. జెల్ ఇంకొంచెం వేసి తీసింది. అక్కను ఇటు తిప్పి, అటు తిప్పి తీసింది. ఎన్నిసార్లు తీసినా అదే అంచు. ఆ మిషన్‌ను చితక్కొట్టాలనిపించింది ఆమెకు. రెండు చేతులూ జోడించి దాన్ని బతిమాలాలని కూడా అనిపించింది. నోరు మాత్రం ఏదో చెబుతూనే ఉంది, ఏం చెబుతోందో ఆమెకే తెలియదు.

"ఏ రంగే?" అంది అక్క.

అప్పుడు ఆమె చదరాన్ని చిన్నది చేసింది. నెమ్మదిగా ఒక పక్కకు జరిపింది. ఎర్రటి అంచంతా చదరం బయటికి పోయింది. లోపల నల్లటి గుంట, పక్కన కాస్త నీలం మిగిలాయి. చూసినవాళ్ళెవరైనా నీటితిత్తి అనుకుంటారు. నీరేనేమో, నీరు కాకూడదని ఎక్కడుంది అనుకుంది ఆమె. కొత్తవాళ్ళెవరైనా అలా అంటే నెత్తిన మొట్టి ఉండేది. ఆ బొమ్మను దాచింది. అంచు నున్నగా ఉన్న బూడిద బొమ్మను దాచింది. మిగతావన్నీ చెరిపేసింది.

"నీలం" అంది.

అక్క గట్టిగా ఊపిరి వదిలింది.

రిపోర్టు సాయంత్రమే వచ్చింది. హాని లేని నీటితిత్తిలా ఉందని, ఆరునెలల తర్వాత మళ్ళీ చూపించుకోమని రాసి ఉంది. అక్క ఆ కాగితాన్ని బస్సులో తన సీటు పైన అతికించుకుంది. లైసెన్సు కూడా అంత జాగ్రత్తగా పెట్టుకోలేదు. మర్నాటినుంచి ఆమె గొంతు మళ్ళీ లేచింది, పిల్లల చేత పాటలు పాడిస్తూ బస్సు నడిపింది. దారిలో చెల్లెలు కనిపిస్తే కావాలని హారన్ మోగించేది. అది వినిపించినప్పుడల్లా వాగుడుకాయ ముఖం తిప్పుకుని పక్క సందులోకి నడిచేది.

ఆమెకు తిండి సయించలేదు. కళ్ళు మూసినా తెరిచినా ఆ ఎర్రటి అంచే. బల్లమీద ఎవరు పడుకున్నా, ఈమె గడ్డ నీలంగా ఉంటే అక్కది కూడా నీలం అవుతుందన్నట్టు పిచ్చి లెక్కలు వేసుకునేది. మాటలు పడిపోయాయి. బల్లమీద పడుకున్నవాళ్ళు ఆమె ముఖం చూసి హడలిపోతున్నారని తెలుస్తున్నా నోరు పెగిలేది కాదు. "లిఫ్టు కథ చెప్పవే" అని ఆయా ఒకతె గుర్తుచేస్తే, బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చింది.

ఊరికే ఏడ్చి కూర్చోలేదు. అక్కను మళ్ళీ రప్పించాలని నానా తంటాలూ పడింది.

"ఇంకోసారి చూద్దామక్కా, ఊరికే."

"ఎందుకూ? ఆరునెలలన్నారుగా."

"ఆ మిషన్ పాతది. కొత్తది వస్తోంది."

"కొత్తది వచ్చాక పిలువు."

"పోనీ పెద్ద డాక్టరమ్మకు ఒకసారి చూపిద్దాం."

"ఆవిడే కదే రాసింది" అని డ్రైవర్ సీట్లో కూర్చున్న అక్క నెత్తిమీది కాగితాన్ని వేలితో కొట్టి చూపించింది. "నీ చేత్తో తీశావు, ఆవిడ చేత్తో రాసింది. ఇంకా ఎవరి మాట వినమంటావు?"

దానికి జవాబు ఒకటే ఉంది, అది చెప్పడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. చెబితే ఉద్యోగం పోతుందని కాదు. అక్క ఇంకెప్పుడూ ఆమె చెయ్యి నమ్మదు. చెప్పకపోతే అక్కే ఉండదు. ఈ రెండింటి మధ్యా ఆమె రోజుల తరబడి గింజుకుంది. అంతలో ఒకరోజు అక్క బస్సు మెట్టు దిగుతూ తూలి ఆమె భుజం మీద పడింది. పట్టుకున్నప్పుడు వాగుడుకాయ అరచేతికి గడ్డ తగిలింది. షెడ్డులో తగిలినప్పటికన్నా పెద్దదైంది. ఆమె అక్కడినుంచి తిన్నగా ఆసుపత్రికి పోయి, పైగది మెట్లెక్కింది.

"మేడమ్, ఒక బొమ్మలో అంచు కోసేశాను" అంది తలుపు దగ్గరే నిలబడి.

పెద్ద డాక్టరమ్మ కళ్ళజోడు తీసింది. "ఎవరి బొమ్మ?"

"మా అక్కది."

ఆవిడ ఆ బొమ్మ తెరిచి చాలాసేపు చూసింది. కేకలు వేస్తుందని వాగుడుకాయ ఎదురుచూసింది. వేస్తే బాగుండుననుకుంది.

"చదరం మరీ చిన్నదిగా ఉందని నాకు ఆరోజే అనిపించింది" అంది డాక్టరమ్మ. "వేరేవాళ్ళు తీసి ఉంటే మళ్ళీ తీయమని పంపేదాన్ని. నువ్వు తీశావని చదివేశాను."

వాగుడుకాయ తల నేలకు దించుకుంది. తిట్టి ఉంటే ఇంత నొప్పి ఉండేది కాదు.

"ఇకనుంచి మిషన్ ముట్టుకోకు. నీ సంగతి పైవాళ్ళు చూసుకుంటారు. ముందు ఆవిణ్ణి తీసుకురా. ఏం చెప్పి తెస్తావో నీ ఇష్టం, నిజం చెప్పి తీసుకురా."

ఆఖరి పిల్ల దిగే చోట వాగుడుకాయ బస్సెక్కింది. పిల్ల చెయ్యి ఊపుతూ పోయింది, తలుపు మూసుకుంది. అక్క డ్రైవర్ సీట్లోంచి వెనక్కి తిరిగి, "ఏంటే, టికెట్ లేకుండా ఎక్కావు" అంది. చెల్లెలు నవ్వలేదు. ముందు సీటు కమ్మీ పట్టుకుని మొత్తం చెప్పేసింది. గుంట సంగతి చెప్పింది, అంచు సంగతి చెప్పింది, చదరం జరిపిన సంగతి చెప్పింది. చెప్పేటప్పుడు ఒక్కసారి కూడా ఆగలేదు, ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆమెకు తెలుసు.

అక్క తలుపు మీట నొక్కింది. తలుపు తెరుచుకుంది. "దిగు" అంది.

"దిగను."

"దిగమంటున్నానా."

"తిట్టు, కొట్టు, దిగను."

అక్క తలుపు మూసి బస్సు కదిలించింది. ఎప్పుడూ తిట్టే మలుపు దగ్గర కూడా ఎవరినీ తిట్టలేదు. షెడ్డులో ఇంజన్ ఆపి, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. వాగుడుకాయ వెనక సీట్లో ఏడుస్తోంది, దాచుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

"ఇన్నాళ్ళూ నేను పాటలు పాడుకుంటూ తిరిగాను" అంది అక్క. "నువ్వు చూస్తూ ఊరుకున్నావు."

"భయమేసిందక్కా. నువ్వు కూడా పోతే నాకెవరున్నారు?"

"నాకు భయం లేదనుకున్నావా? నీలం అన్నప్పుడు నీ మాట మీద ప్రాణం పెట్టుకున్నానే." అక్క స్టీరింగ్ మీంచి చేతులు తీసింది. "అమ్మకు సూది పెట్టినప్పుడు పక్కన ఉన్నది నేనే. అప్పటికే ఆమె చెయ్యెత్తి తల దువ్వుకోలేకపోతోంది. నేనే దువ్వేదాన్ని. సూది వల్ల కాదని నాకు తెలియక కాదు. ఎవర్నో ఒకర్ని తిట్టుకోవాలిగా, సూదిని తిట్టుకున్నా."

తర్వాత సీటు పైన అతికించిన కాగితాన్ని పీకింది. అంటుకుపోయి సగమే వచ్చింది. మిగతా సగాన్ని గోటితో గీకుతూ, "పొద్దున పిల్లల్ని దింపేసి వస్తా" అంది.

అదే గది, అదే బల్ల. ప్రోబ్ తోటి టెక్నీషియన్ చేతిలో ఉంది. సూది డాక్టరమ్మ చేతిలో ఉంది. వాగుడుకాయకు ఆ గదిలో ఏ పనీ లేదు. అక్క తల దగ్గర నిలబడి చెయ్యి పట్టుకోవడానికి మాత్రం ఉండనిచ్చారు. తను ఎప్పుడూ కూర్చునే కుర్చీ అటు పక్క ఉంది. ఇటునుంచి తెర వాలుగా కనిపిస్తోంది.

మొద్దుబారడానికి మందు ఇచ్చారు. సూది సన్నటి తెల్లగీతలా లోపలికి రావడం తెరమీద కనిపించింది. గడ్డ దాకా సులువుగా వచ్చి అక్కడ ఆగిపోయింది. డాక్టరమ్మ నెట్టింది. సూది లోపలికి పోలేదు, గడ్డే కాస్త జరిగింది, దానితోపాటు రొమ్మంతా కదిలింది. డాక్టరమ్మ పట్టు మార్చుకుని మళ్ళీ నెట్టింది. ఇక రంగులతో పనిలేదు, మిషన్‌తో అంతకన్నా పనిలేదు. ఆ గదిలో నిలబడ్డ ఎవరికైనా తెలిసిపోతుంది. టెక్నీషియన్ తల వంచుకుంది.

అక్క తెరను చూడటం లేదు. చెల్లెలి ముఖాన్నే చూస్తోంది.

"ఏమే, మెత్తగానే ఉందా?" అంది.

వాగుడుకాయ నోటిదాకా ఏవేవో మాటలు వచ్చాయి. రోజూ అందరికీ చెప్పే మాటలన్నీ వచ్చాయి. వాటిని మింగేసింది.

"లేదక్కా. గట్టిగా ఉంది."

అక్క వేళ్ళు ఆమె వేళ్ళను నలిపేశాయి. కళ్ళలోంచి నీళ్ళు చెవుల మీదికి కారాయి.

"అయితే గట్టిగానే నొక్కమను ఆవిణ్ణి" అంది అక్క. "ఒక్కసారే సరిగ్గా తీసుకోమను. నువ్వు చెయ్యి వదలకు."

డాక్టరమ్మ భుజం వంచి నొక్కింది.